కటౌట్ మూత తీస్తే

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దు వాలుతోంది. మార్క్ 2 అంబాసిడర్ డ్రైవర్ సీట్లో మీరున్నారు. ఇంజన్ నడుస్తోంది, బానెట్ ఎత్తి ఉంది. దాని పక్కనుంచి మేస్త్రి గారు కేకేస్తున్నారు.

"రేస్ ఇవ్వండి. ఛార్జింగ్ ఎర్రలైటు సంగతి చెప్పండి."

"ఆరిపోయిందండీ."

"వెలుతురికి చెయ్యి అడ్డంపెట్టి చూడండి."

అరచెయ్యి అడ్డంపెట్టి వంగి చూస్తారు. ఆరలేదు. బల్బులో సన్నటి తీగ బూడిద కప్పిన నిప్పులా కనిపిస్తోంది. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కితే ఆ ఎరుపు కొంచెం పెరుగుతోంది కూడా. పగలు నడిపేవాళ్లకి ఇది కంటికి ఆనదు. రాత్రి నడిపేవాళ్లు చూసినా పట్టించుకోరు.

మేస్త్రి గారి మొహంలో ఉత్సాహం వచ్చింది. మీకు మాత్రం రాలేదు. కొత్త బ్యాటరీ వేయించి ఎన్నో రోజులు కాలేదు, మళ్లీ తెల్లారేసరికి సెల్ఫ్ తిరగడం లేదు. హెడ్‌లైట్లు వేస్తే పసుప్పచ్చగా వెలుగుతున్నాయి. అడిగిన చోటల్లా బ్యాటరీ మార్చమన్నారు, లేదా డైనమో పీకి ఆల్టర్నేటర్ బిగించమన్నారు. ఎవరూ మీటర్ పెట్టి చూడలేదు.

ఈయన పెట్టారు. ముల్లు మీటర్. డైనమో దగ్గర డిజిటల్ అంకెలు గెంతుతుంటాయి, ముల్లు ఎలా కదిలిందో చూస్తే సగం విషయం తెలిసిపోతుందని ఆయన లెక్క. ముందుగా బ్యాటరీ ఏ వైరు బాడీకి కలిసిందో చూసుకున్నారు. ఆ కాలపు బ్రిటిష్ బళ్లలో చాలావాటికి పాజిటివే ఎర్త్. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా అలాంటిదే. చూసుకోకుండా వైర్లు తగిలిస్తే ముల్లు వెనక్కి కొడుతుంది.

రాత్రంతా బయట ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ ఇంజన్ ఆపి ఉండగా 12.6 వోల్టులు చూపించింది. బ్యాటరీ తప్పు లేదు. ఇంజన్ నడుపుతూ హెడ్‌లైట్లు వేస్తే 12.2కి దిగింది. రేస్ ఇచ్చినా పెరగలేదు. ఛార్జింగ్ అందుతుంటే పెరగాలి. ఫ్యాన్ బెల్ట్‌ని బొటనవేలితో నొక్కారు. అరంగుళం దిగి ఆగింది. అంతే ఉండాలి.

ఇప్పుడు డైనమో వంతు. వెనక రెండు టెర్మినళ్లు, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండింటి వైర్లూ ఊడదీసి, టెర్మినళ్లని చిన్న తీగతో ఒకదానికొకటి కలిపారు. మీటర్ ఒక కొస ఆ తీగకి, రెండోది బాడీకి.

"ఇప్పుడు మెల్లగా, చాలా మెల్లగా రేస్. ఒక్కసారిగా తొక్కారో, డైనమో కాలిపోతుంది."

రెగ్యులేటర్ అదుపు తప్పించిన డైనమో ఇది, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ వోల్టేజి పెరుగుతూనే ఉంటుంది. పాదం బిగబట్టి తొక్కుతున్నారు. ముల్లు ఎక్కడా తడబడకుండా 5, 10, 15 దాటింది. "చాలు!" పాదం తీసేశారు. ముల్లు అసలు లేవకపోతే కార్బన్లు చూడాలి. వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్ అనుమానించాలి. మీ డైనమో నిక్షేపంగా ఉంది. దాన్ని పీకించుకోకుండా వచ్చినందుకు మీకు లోపల సంతోషం.

వైర్లు మళ్లీ బిగించి, ఇంజన్ గదిలో గోడకున్న నల్ల పెట్టె దగ్గరికొచ్చారు. కటౌట్ అంటాం గాని, దాంట్లో పనిచేసేవి రెండు. ఒక కాయిల్ వోల్టేజిని అదుపులో పెడుతుంది, అది రెగ్యులేటర్. రెండోదే అసలు కటౌట్. డైనమో 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్యకి రాగానే కాంటాక్టులు కలిపి కరెంటుని బ్యాటరీకి పంపుతుంది. ఇంజన్ నెమ్మదించగానే వాటిని విడదీస్తుంది, లేకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారిపోతుంది.

పెట్టెకున్న ఎ, ఎ1 టెర్మినళ్ల వైర్లు తీసి ఒకదానికొకటి కలిపి, డి దగ్గర కొలిచారు. ముల్లు ఎగిరి 16.1 దగ్గర నిలబడింది. మీరు ఉలిక్కిపడతారు, 12 వోల్టుల బండికి 16 ఏమిటని. బ్యాటరీ భారం లేనప్పుడు అంతే ఉండాలి. 30 డిగ్రీల ఎండకి 15.9 నుంచి 16.5 దాకా సరైన లెక్క. అర నిమిషంలో కొలిచి ఆపేశారు, కాయిల్ వేడెక్కితే లెక్క మారిపోతుంది. అంటే రెగ్యులేటరూ బాగుంది.

వైర్లు యథాస్థానంలో పెట్టి, ఇంజన్ రేస్‌లో ఉంచి, డైనమో వైపున్న డి దగ్గర ఒకసారి, బ్యాటరీ వైపున్న ఎ దగ్గర ఒకసారి కొలిచారు. డి దగ్గర 14.2. ఎ దగ్గర 12.2.

మధ్యలో అరచెయ్యంత దూరం కూడా లేదు. రెండు వోల్టులు అక్కడే పోతున్నాయి.

మూత తీశారు. కటౌట్ కాంటాక్టులు నల్లగా, గుంటలు పడి ఉన్నాయి. అవి కలుస్తున్నాయి గాని కరెంటు సరిగా దాటడం లేదు. ఎర్రలైటు చెబుతున్నదీ ఇదే. ఆ బల్బుకి ఒక కాలు ఇగ్నిషన్ ద్వారా బ్యాటరీ వైపుంది, రెండోది డైనమో డి వైపుంది. రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరుతుంది. రెండు వోల్టుల తేడా ఉంటే మీరు చూసినంతగా, మసగ్గా వెలుగుతుంది.

బ్యాటరీ వైరు తీసేసి, సన్నటి గ్లాస్ పేపర్ ముక్కని కాంటాక్టుల మధ్య పెట్టి లాగుతున్నారు. ఎమరీ వాడరు, ఈ కాంటాక్టుల లోహం మెత్తన. పక్కనున్న రెగ్యులేటర్ కాంటాక్టులు గట్టివి, వాటికైతే సన్నని సాన రాయి పెట్టొచ్చు. తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడిచి, బ్యాటరీ కలిపి, మళ్లీ కొలిచారు. డి దగ్గర 14.2, ఎ దగ్గర 14.1. ఎర్రలైటు పూర్తిగా ఆరిపోయింది. చెయ్యి అడ్డంపెట్టి చూసినా లేదు.

పనైపోయింది. ఒక కాగితం ముక్క ఖర్చు.

ఆల్టర్నేటర్ వద్దని చెప్పను. ఈ బళ్లలోని ల్యూకాస్ రకం డైనమో మహా అయితే 22 యాంపియర్లు ఇస్తుంది, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రోజూ రాత్రిళ్లు ట్రాఫిక్‌లో తిరిగే బండికి అది చాలదు. కానీ లోపం తెలియకుండా మార్చేయడం వైద్యం కాదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి ఛార్జింగ్ ఉందో లేదో చూసే అలవాటు ఇంకా చెడ్డది. డైనమో బండిలో బల్బులు పోతాయి, ఆల్టర్నేటర్ బండిలో డయోడ్లు పోతాయి. అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

డైనమో తెలిసిన మేస్త్రులు తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో ఒకరున్నారంటే బండి పాడయ్యేదాకా ఆగకండి. బాగున్నప్పుడే తీసుకెళ్లి డి దగ్గరా ఎ దగ్గరా కొలిపించి, ఆ అంకెలు రాసిపెట్టుకోండి. వెంట మీ పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.