నందాదేవి మంచులో పోయిన పెట్టె

1964 అక్టోబరులో చైనా లాప్‌నార్ దగ్గర అణుబాంబును పేల్చింది. మరుసటి ఏడే అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ., మన ఇంటెలిజెన్స్ బ్యూరో చేతులు కలిపాయి. చైనా క్షిపణి పరీక్షల సంకేతాలను పసిగట్టే యంత్రాన్ని నందాదేవి శిఖరం మీద నిలపాలన్నది పథకం. మన పాలకులు వేదికలెక్కి అలీన విధానాన్ని వల్లిస్తున్న రోజులే అవి!

యంత్రానికి విద్యుత్తు కావాలి. పాతికవేల అడుగుల ఎత్తున బ్యాటరీలు మార్చే మనిషి ఉండడు. అందుకని అంతరిక్ష నౌకల్లో వాడే తరహా జనరేటరు తెచ్చారు. అందులో తిరిగే చక్రమూ లేదు, మండే పొయ్యీ లేదు. ప్లుటోనియం-238 తనంత తాను క్షీణిస్తూ వేడి పుట్టిస్తుంది. రెండు భిన్న పదార్థాల జోడుకు ఒక కొసన వేడి, మరో కొసన చలి తగిలితే విద్యుత్తు పారుతుంది. ఈ ప్రభావాన్ని 1821లోనే సీబెక్ గమనించాడు. ఆ ఇంధనం సగానికి తరగాలంటే దాదాపు 88 ఏళ్లు పడుతుంది. 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకలు గ్రహాలన్నీ దాటిపోయాక కూడా భూమితో మాట్లాడింది ఈ వేడి చలవతోనే. కనుక నా తగవు యంత్రంతో కాదు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా గూఢచారుల చాకచక్యాన్నీ, పర్వతారోహకుల సాహసాన్నీ చెబుతారు. సామాను వీపున మోసింది షెర్పాలు, కూలీలు. వెచ్చగా ఉంటుందని ఆ బరువు కోసం వాళ్లు పోటీ పడేవారని భారత బృందం నాయకుడు ఎం.ఎస్. కోహ్లీ తర్వాత చెప్పారు. ఈ ఒక్క మాట చాలు, ఒక కథకుడికి. ఆ వెచ్చదనం ఎక్కడిదో, దాని పక్కన పడుకుంటే ఏమవుతుందో వాళ్లకు విడమరిచి చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

1965 అక్టోబరులో మంచుతుఫాను ముంచుకొచ్చింది. నాలుగో శిబిరం దగ్గర సామాను కట్టిపెట్టి అందరూ దిగివచ్చారు. 1966లో మళ్లీ వెళ్లి చూస్తే పెట్టె లేదు. మంచుచరియలు ఈడ్చుకుపోయి ఉంటాయన్నారు. వెతికారు, దొరకలేదు. 1967లో ఇంకొకటి నందాకోట్ మీద పెట్టారు.

ఇదంతా జనానికి తెలిసింది 1978లో, అదీ ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టాక. ఏప్రిల్‌లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకుని శాస్త్రజ్ఞుల సంఘాన్ని నియమించారు. నీటిలో కాలుష్యం జాడ లేదని సంఘం తేల్చింది. ఆ మంచు కరిగిన నీరు రుషిగంగ, ధౌలిగంగ, అలకనందల మీదుగా చేరేది గంగలోకే మరి.

2021 ఫిబ్రవరి 7న రుషిగంగ పొంగి రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. రోంతి శిఖరం నుంచి రాయీ మంచూ విరిగిపడటమే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. రైణీ గ్రామస్థుల్లో పలువురు మాత్రం ఆ పెట్టెనే అనుమానించారు. 1974లో గౌరాదేవి వెంట నడిచి ఆడవాళ్లు అడవిని కాపాడుకున్న ఊరది. వాళ్లది మూఢనమ్మకమని కొట్టేయలేం. పెట్టె ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ వాళ్లకు చూపించలేదు.