రంజీ ట్రోఫీ: భారత్ తరఫున ఒక్క టెస్టూ ఆడని ఆటగాడి పేరు ఎలా వచ్చింది?

పుదుచ్చేరి జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ ఆడింది 2018-19 సీజన్‌లో. ఆ ఏడాది కొత్తగా చేరిన తొమ్మిది జట్లలో అదొకటి. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు ఊరు యానాంకూ అదే సొంత జట్టు. ఇంతకీ ఈ టోర్నీకి ఆ పేరు ఎలా వచ్చింది?

ఎవరీ రంజీ?

రంజిత్‌సింహ్‌జీ 1872లో కాఠియావాడ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నారు. 1896లో మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియాపై ఇంగ్లండ్ తరఫున తొలి టెస్టు ఆడి 62, 154 నాటౌట్ స్కోర్లు చేశారు. టెస్టు ఆడిన తొలి భారతీయుడు ఆయనే. 15 టెస్టుల్లో 989 పరుగులు చేశారు. లెగ్ గ్లాన్స్ షాట్ అంటే ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు.

1907లో నవానగర్ సంస్థానానికి రాజయ్యారు. భారత్ తొలి టెస్టు ఆడిన 1932 నాటికి ఆయన వయసు 59. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కన్నుమూశారు.

పేరు కోసం పోటీ

దేశవాళీ పోటీలకు బీసీసీఐ 1934లో శ్రీకారం చుట్టింది. మొదట అనుకున్న పేరు ‘క్రికెట్ చాంపియన్‌షిప్ ఆఫ్ ఇండియా’. సిమ్లా సమావేశంలో పటియాలా మహారాజా భూపిందర్ సింగ్ రంజీ స్మారకంగా ట్రోఫీ ఇస్తానని ముందుకొచ్చారు.

ఆయనకు పోటీగా నిలిచింది విజయనగరం రాజకుమారుడు ‘విజ్జీ’. అప్పటి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరుతో ట్రోఫీ ఉండాలన్నది ఆయన పట్టు. అంటే అది క్రికెటర్ పేరుకూ, అధికారంలో ఉన్న పాలకుడి పేరుకూ మధ్య పోటీ. వెనుక ఉన్నది మాత్రం బోర్డుపై పట్టు కోసం ఇద్దరు రాజవంశీయుల పంతం. చివరికి రంజీ పేరే నిలిచింది. తొలి విజేత బొంబాయి.

తొలి మ్యాచ్ చెపాక్‌లో

1934 నవంబర్ 4న మద్రాసులోని చెపాక్‌లో మద్రాస్, మైసూర్ తలపడ్డాయి. మ్యాచ్ ఒక్క రోజులోనే ముగిసింది. మద్రాస్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఏజీ రామ్ సింగ్ 11 వికెట్లు తీశారు. చెపాక్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి అప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉంది.

పేరుపై ప్రశ్నలు

వలస పాలకుల జట్టుకు ఆడిన రాజు పేరు స్వతంత్ర భారత్‌లో ఎందుకన్న విమర్శ ఉంది. భారత్ తొలి టెస్టు కెప్టెన్, తెలుగు కుటుంబానికి చెందిన సీకే నాయుడు పేరు అండర్-23 టోర్నీకి దక్కింది. మరోవైపు, భారతీయుడు టెస్టు స్థాయిలో ఎవరికీ తీసిపోడని మొదట నిరూపించింది రంజీయేనన్నది సమర్థకుల మాట. రెండు వాదనల్లోనూ నిజముంది. కానీ తొమ్మిది దశాబ్దాల్లో ఆ పేరుకు వేరే అర్థం స్థిరపడింది. ఇప్పుడు ‘రంజీ ఆడాడు’ అంటే రాజు గుర్తుకు రాడు. రాష్ట్ర జట్టుకు ఎంపికైన కుర్రాడే గుర్తొస్తాడు.