ధ్రువము కొఱకు పుట్టిన దిక్సూచి

శతాబ్దముల తరబడి నావికుడు అయస్కాంతపు ముల్లునే నమ్ముకొనెను. కొయ్య ఓడలున్నంత కాలము ఆ నమ్మకము చాలవఱకు నిలిచినది. ఇనుప ఓడలు వచ్చిన పిదప ముల్లు తొట్రుపడసాగెను; చుట్టును ఉక్కు గోడలు గల జలాంతర్గామిలో దానిని నమ్ముటయే కష్టమయ్యెను.

అట్టి జలాంతర్గామిలోనే, మంచు క్రిందుగా ఉత్తర ధ్రువమును చేరవలెనని జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ అన్‌షూట్స్ కెంఫె సంకల్పించెను. అయస్కాంతముతో పనిలేని దిక్సూచి ఆయనకు కావలసివచ్చెను. 1852లో ఫ్రాన్సు దేశపు ఫూకో 'గైరోస్కోపు' అని పేరిడిన చక్రము దారి చూపెను.

మనము పిల్లల బొంగరమును తలచుకొందము. వడిగా తిరుగునంతసేపు అది పడిపోదు. అట్లే వడిగా తిరుగు చక్రపు ఇరుసు తన దిశను విడువదు. భూమి తిరుగుటచే ఇరుసు కొన క్రమముగా పైకి లేచును. క్రింద కట్టిన బరువు దానిని దించబోవును. చక్రము క్రిందికి దిగక ప్రక్కకు మరలును. ఇట్లు అటునిటు ఊగి, కొన్ని గంటలకు నిజమైన ఉత్తరమునకు అభిముఖమై నిలుచును.

1908లో 'డాయిచ్‌లాండ్' యుద్ధనౌకపై దీనిని పరీక్షించిరి. 1911లో అమెరికాలో స్పెర్రీ తన యంత్రమును ఓడ కెక్కించెను. ఇరువురి పేటెంటు వ్యాజ్యములో 1915లో ఐన్‌స్టైన్ నిపుణుడుగా అభిప్రాయ మిచ్చెను. తీర్పు అన్‌షూట్స్ పక్షమయ్యెను.

అయితే ధ్రువము వద్ద, ఇరుసు కొనను పైకెత్తు చలనమే లేదు. ఏ చోటి కొఱకు పుట్టెనో ఆ చోటనే ఈ దిక్సూచి దిక్కు తోచక నిలుచును. అన్‌షూట్స్ ఆ యాత్ర చేయనేలేదు. ఆయన కల మిగిల్చిన చక్రము మాత్రము నేటికిని మహాసముద్రములపై ఓడలకు త్రోవ చూపుచున్నది.