పాత గంప చెప్పిన కథ

పెనుకొండ పేరు వినగనే గగనమహలు, కోటగోడలు, 1565లో రాక్షసతంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు ఇచటికి తరలించిన రాజధాని మనకు గుర్తు వచ్చును. శాసనములు, శిల్పములు తమ కథను తామే చెప్పుకొనును. పేరు చెక్కని వస్తువుల కథను మాత్రము మనమే అడిగి తెలిసికొనవలెను.

ఆ ఊరి పాతసామానుల అంగడిలో మాకొక గంప దొరికినది. అంచు నల్లబడినది, అడుగు అరిగినది. అది రాయలనాటిదని వర్తకుడు చెప్పెను. మేము వాదింపక కొని తెచ్చి, ఆ గంపనే సాక్షిగా నిలిపితిమి.

ముందుగా, అది దేనితో అల్లినది? వెదురుబద్ద యైనచో పైచెక్కు నునుపుగా నుండును. ఎచటనో యొకచోట కణుపు గుర్తు కనబడును. ఈ గంపలో కణుపు లేదు. పుల్లలు సన్నముగా, నారతో గరుకుగా నున్నవి. ఇవి ఈతపుల్లలు. వెదురును నల్లమల వంటి అడవుల నుండి తేవలెను. ఈత యన్ననో, ఈ మెట్టసీమ వాగుల యొడ్డున తనంతట తాను పెరుగును. కావున గంప ఈ ప్రాంతపుదే యనుట సమంజసము.

మరి దాని వయస్సు? అల్లిక సందులలో ఎర్రమన్ను, వేరుసెనగ పొట్టు చిక్కుకొని యున్నవి. వేరుసెనగ దక్షిణ అమెరికాలో పుట్టిన పంట. అనంతపురపు మెట్టచేలను అది కమ్ముకొన్నది 20వ శతాబ్దిలో. పొట్టు తరువాత చేరి యుండవచ్చును గదా యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. కాని ఈతపుల్ల చెమ్మకు, పురుగుకు లొంగునది. పొలమునకు పోయి వచ్చు గంప నాలుగు శతాబ్దములు నిలువదు. రాయలవారికి దీనితో సంబంధము లేదు.

ఇక, అల్లిన దెవరు? వెదురుపని మేదరుల వృత్తి. ఎరుకలవారిలో వెదురుదబ్బలతో అల్లువారు దబ్బ ఎరుకలు, ఈతపుల్లలతో అల్లువారు ఈతపుల్లల ఎరుకలు. చేపట్టిన సరకే శాఖకు పేరైనది. మన గంప ఈ రెండవవారి చేతిపనిగా తోచుచున్నది.

ఎరుకలలో కొందరు ఒకప్పుడు పశువులపై ఉప్పు, ధాన్యము వేసికొని ఊరూర అమ్మిన వర్తకులు. రైళ్లు వచ్చిన పిదప ఆ బేరము క్షీణించినది. 1911 నాటి నేరస్థ తెగల చట్టము మద్రాసు రాజధానిలో అమలులోనికి రాగా, వారిలో అనేకులు కేవలము పుట్టుకను బట్టి పోలీసు జాబితాల కెక్కిరి. వారి వేలిముద్రలు తీసికొనిరి. ఆ చట్టము 1952లో రద్దయినది.

ఆ వేళ్లే ఇట్టి గంపలను అల్లినవి; ఊరి పంటను ఇంటికి చేర్చినవి. రాజుల పేరు తగిలించినచో గంపకు వెల పెరుగును గాని, అల్లినవారి పేరు మరుగున పడును. అందుచే మేము దానికొక చీటీ కట్టి యిట్లు వ్రాసితిమి: “ఈతగంప. పెనుకొండ సీమ. ఎరుకలవారి పని.”

మీ యింటి అటకపై పాత గంప యున్నచో, పారవేయుటకు ముందు పెద్దలను అడుగుడు: దీనిని అల్లినవా రెవరు?