మొదటి గుక్కకు ముందే

సంచిక కమిటీ వారు నాకు అప్పజెప్పిన అంశం ‘మన కళాశాల – సంఘసేవ’. రక్తదాన శిబిరాలు, ఎన్.ఎస్.ఎస్. క్యాంపులు మిగతా మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను ఒక్క పని గురించే రాస్తాను. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివే కుర్రాళ్లను తాగుడు అంటకముందే పట్టుకోవాలని చూసిన పని అది. 140 ఏళ్లు దాటిన చరిత్రలో దాన్ని ఎప్పుడూ ఒక మాటతో సరిపెట్టేస్తుంటాం.

1884లో పిఠాపురం రాజావారు రావు గంగాధర రామారావు గారి చేయూతతో ఏర్పడిన కాలేజీకి 1904లో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలుగా వచ్చారు. అప్పటికే ఆయన మచిలీపట్నం నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పి, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీని నడిపి ఉన్నారు. తాగుడుకీ, భోగం మేళాలకీ వ్యతిరేకంగా సాంఘిక పవిత్రతా ఉద్యమాన్ని మచిలీపట్నంలో మొదలుపెట్టింది 1891లో. ఆ రెండూ అప్పట్లో పెద్దమనిషి తరహాకు గుర్తులు. కల్లుపాకకు వెళ్లేవాణ్ణి తిట్టడం అందరికీ తేలికే. నాయుడు గారు నిలదీసింది మేడల్లో ఉన్నవాళ్లను. కుర్రాడు వాళ్లను చూసే కదా నేర్చుకునేది!

ఆయన బ్రహ్మసమాజికులు. పిల్లల చేత మద్యం ముట్టబోమని ఒట్టు వేయించే ‘బ్యాండ్ ఆఫ్ హోప్’ సంఘం 1847లో ఇంగ్లండులోని లీడ్స్‌లో పుడితే, బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ కలకత్తాలో అదే పేరుతో యువకులను కూడగట్టారు. నాయుడు గారు వచ్చింది ఆ సంప్రదాయంలోంచి. 1919 దాకా ఇక్కడ ఉన్నారు. తెల్లటి బట్టలు తప్ప కట్టలేదు. దళిత విద్యార్థులకు తలుపులు తెరిచారు, ఆడపిల్లలను చేర్చుకున్నారు. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేశారు. కుర్రాళ్లు ఆయన ఎదుట తప్పు చేయడానికి భయపడటం కాదు, సిగ్గుపడేవారని మా మాస్టార్లు చెప్పేవారు.

పేర్లు రాయకపోతే తప్పవుతుంది. దాతల్లో నాయుడు గారి వెనుక నిలబడిన రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూర్ గారు, నాయుడు గారి ఉపన్యాసాలను సంపుటాలుగా తెచ్చిన వి. రామకృష్ణారావు గారు, నోబుల్ కాలేజీ నాటి శిష్యులు ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు, ఇక్కడ చదివిన దేవులపల్లి కృష్ణశాస్త్రి, చలం గార్లు. ఇక్కడే వృక్షశాస్త్రం బోధించిన గోరా గారు కూడా. గోరా గారిని 1933లో నాస్తికుడని కొలువులోంచి తీసేశారు. కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడగల ఒక మాస్టారిని దేవుడి పేరు చెప్పి పోగొట్టుకున్నాం. జూబిలీ సంచికల్లో ఈ వాక్యం వేయరు. వేయాలనే నా పట్టు.

తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, కాలేజీ ప్రభుత్వానిదైంది, భవనాలు పెరిగాయి.

మా రోజుల్లో ఒక లెక్చరరు గారు ఉండేవారు. సాయంత్రం సైకిలు మీద రామారావుపేట, గాంధీనగర్ వీధుల్లో కోనసీమ కుర్రాళ్లు అద్దెకున్న గదులకు వెళ్లేవారు. సోమవారం మొదటి పీరియడుకి ఎవడు రావడం లేదు, ఇంటినుంచి వచ్చిన మనియార్డరు వారానికే ఎవడికి అయిపోతోంది, పాత స్నేహితుల్ని ఎవడు వదిలేశాడు – ఆయన ఆరా అంతా వీటి మీదే. ముందు కుర్రాడితో మాట్లాడేవారు, ఒకసారి కాదు, చాలాసార్లు. తండ్రికి కబురు పంపడం ఆ తర్వాతే, అదీ కుర్రాడికి చెప్పే. టీసీ చేతిలో పెట్టి పంపమన్నవాళ్లకు ఆయన ఒకటే చెప్పేవారు: కాలేజీ శుభ్రపడుతుంది గానీ, వాడు పడడు. ఇవాళ మనోవైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. అలవాటు ముదరకముందు తిట్టకుండా నాలుగు మాటలు మాట్లాడటం, ఇంటివాళ్లను కలుపుకోవడం, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం.

కష్టకాలమంటే మాత్రం మద్యనిషేధం ఏళ్లే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం ఫలించి 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. మాకు పండగే అనుకున్నాం. కానీ కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లలోనే పాండిచ్చేరి ఏలుబడిలోని యానాం ఉంది. నిషేధం గీత అక్కడితో ఆగిపోయింది. బస్సెక్కితే గంటలో షాపు. అంతకుముందు మందు వాసన తెలియని కుర్రాళ్లు కూడా సరదాకి వెళ్లొచ్చారు. కొందరు సంచుల్లో తెచ్చి రెట్టింపుకి అమ్మడం నేర్చారు. చదువు మానేసిన వాళ్లను నేనెరుగుదును. 1997లో నిషేధం ఎత్తేశారు. పెట్టినప్పుడూ, తీసినప్పుడూ కూడా చర్చంతా ఖజానా గురించే. పదిహేడేళ్ల కుర్రాడితో ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇప్పుడు గంజాయి. మన్యం నుంచి రాజమహేంద్రవరం మీదుగా పోయే సరుకులో కొంత దారిలోనే దిగుతోంది. గంజాయి ఒక్కటే కాదు. కేంద్రప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో వెల్లడించిన సర్వేలో ఒక సంగతి తేలింది. వైట్‌నర్లు, సొల్యూషన్లు పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతమైతే, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పిల్లలు పెద్దల్ని మించిన మత్తు అదొక్కటే. పోలీసు ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో – ఇవి చాలవు. తల్లిదండ్రులు కేసు భయంతో దాచేస్తున్నారు. మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షను ప్రకారం, కొద్దిపాటి సరుకుతో దొరికినా, తానుగా చికిత్సకు వచ్చినవాడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఇంకో ఊళ్లో ఒక విద్యాసంస్థ సంచికలో వెనుక అట్ట మీద బార్ అండ్ రెస్టారెంట్ శుభాకాంక్షలు చూశాక నాకు నోట మాట రాలేదు.

పూర్వ విద్యార్థులకు నా మనవి. స్వాగతతోరణానికి ఇచ్చే చందాలో నాలుగో వంతు, కుర్రాడు భయం లేకుండా వెళ్లి కూర్చోగల ఒక గదికీ, అందులో శిక్షణ ఉన్న కౌన్సెలరుకీ ఇవ్వండి. ఈలోగా, ఇంట్లో అనుమానం ఉన్నవారు కేంద్రం వారి 14446కి ఫోన్ చేయవచ్చు. గంజాయి అమ్మకాల సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో 1972 ఉంది.