గ్రీష్మాంత వర్షాగమములు: వికారాబాదు, తాండూరు సీమల ఋతుసంధి

జ్యేష్ఠాషాఢములకు శుక్రము, శుచి యనియు, శ్రావణ భాద్రపదములకు నభస్సు, నభస్యము అనియు వేదకాలమునుండి పేళ్లు గలవు. ఇందు మొదటి రెండు శబ్దములను అమరసింహుఁ డగ్నికిఁ బర్యాయములుగఁ గూడఁ బఠించెను. రెంటికిని మూలము శుచ్ ధాతువు. ధాతుపాఠమున నది శోకార్థమునఁ జదువఁబడినను, వేదప్రయోగములందు జ్వలించుట, తపించుట యను నర్థములు స్పష్టముగ నున్నవి. నభశ్శబ్దము మేఘమునకు, ఆకాశమునకుఁ జెల్లును. కాఁబట్టి అగ్నినామములు గల మాసద్వయము ముగిసిన పిదప మేఘనామములు గల మాసద్వయము వచ్చునని పేళ్లే చెప్పుచున్నవి. కాని వికారాబాదు తాండూరు ప్రాంతములందుఁ బెక్కేఁడులలో శుచిమాసము ప్రవేశింపకమున్నే నేల తడియుచున్నది. అగ్ని యెన్నఁడు చల్లాఱును, నీ రెన్నఁడు వచ్చును అను ప్రశ్నకు శాస్త్రము నందొక యుత్తరము, కర్షకుల వాడుకయం దింకొక యుత్తరము, ప్రత్యక్షమునందు వేఱొక యుత్తరము గన్పట్టుచున్నవి. ఈ మూఁటికిని గల భేదకారణమును జరిత్రదృష్టితో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగ దేశమును గూర్చి కొంత చెప్పవలయును. అనంతపద్మనాభస్వామి వెలసిన అనంతగిరి కొండలు వికారాబాదునకు సమీపమున నున్నవి. మూసీనది యిక్కడనే పుట్టి తూర్పుగఁ బ్రవహించి హైదరాబాదు నగరమును దాఁటి వాడపల్లికడఁ గృష్ణలోఁ గలియును. కాగ్నా నది పడమరగఁ దాండూరు మీఁదుగ సాగి, కర్ణాటక సీమలో భీమానదిం జేరి, దాని మూలముగఁ దానును గృష్ణలోనికే పోవును. ఒక్క కొండనేలఁ గురిసిన వాన రెండుదారులఁ జీలి తుద కొక్క నదిలోఁ గూడుట యిక్కడి విశేషము. వికారాబాదు పాయిగా ప్రభువగు వికారుల్ ఉమరా పేర వెలసినది. 1874లో సికిందరాబాదు వాడీల నడుమ వేయఁబడిన రైలుమార్గము రెండూళ్లను గలిపెను. తాండూరు తాలూకా 1956 వఱకు గుల్బర్గా జిల్లాలోని భాగము. రాష్ట్రపునర్విభజనమున నది కొడంగల్లుతోఁ గూడ ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. 2016 అక్టోబరు 11వ తేదీని వికారాబాదు ప్రత్యేకజిల్లా యయ్యెను. తెలుఁగు, కన్నడము, ఉర్దూ మూఁడును వినవచ్చు నీ సీమలో ఋతువులపేళ్లు కలగలుపుగ నుండుట కీ చరిత్రయే హేతువు.

అనంతగిరి యడవి ఆకురాల్చునది. ఫాల్గున చైత్రములనాఁటికిఁ జెట్లు మోడులగును. రాలినయాకు, ఎండిన గడ్డి నేలనంతయుఁ గప్పును. అప్పుడు చిన్న నిప్పురవ్వయే చాలును. తెలంగాణమందలి యడవులలో అగ్ని తనంత తాను బుట్టుట యరుదు. ఇప్పపూవు నేఱుకొనుటకుఁ జెట్టుక్రింద నలము కాల్చువారు, తునికి చెట్లకుఁ గ్రొత్తయా కెక్కుటకై నిప్పంటించువారు, దారినిఁ బోవుచుఁ జుట్టముక్క పాఱవేయువారు నిందుకుఁ గారణభూతులు. దవ, దావ శబ్దములు రెండును వనమునకును వనాగ్నికిని జెల్లునని యమరకోశమునఁ గలదు. తపింపఁజేయు నర్థము గల దు ధాతువునుండి యివి పుట్టినవి. అడవిని, దానిని దహించు నగ్నిని ఒకే మాటతోఁ జెప్పిన పూర్వులు వేసవిలో నా రెంటికిని గల సామీప్యమును బాగుగ నెఱిఁగినవారు.

తెలుఁగున నింకను వింత యొకటి యున్నది. కారుచిచ్చు అనునపుడు కారు అడవి. కాఱుమబ్బు వంటిదిగఁ దోఁచు కారుమబ్బు అనునపుడు కారు నలుపు, వానకాలము. ఈ రెండు కారులును ఒకటిగ వినఁబడినను మూలమున వేఱువేఱు శబ్దములని ద్రావిడభాషలను సరిచూచిన విదితమగును. అడవిపేరు అఱవ కన్నడములలోని కాడు శబ్దమునకుఁ జుట్టము. వానకాలపుఁ బేరు కార్ అను వేఱొక శబ్దమునకుఁ జుట్టము. ముంగారు, తొలకరి మొదలగునవి యీ రెండవదానికిఁ జేరినవి. ధ్వనిసామ్యమును బట్టి రెంటికిని ఒకే వ్యుత్పత్తి చెప్పుట బడిపిల్లలకు సులభముగఁ దోఁచునే కాని శాస్త్రసమ్మతము గాదు.

ఇఁక గర్షకుల లెక్క. సూర్యుఁ డే నక్షత్రమున నుండునో యా పదుమూఁడు పదునాలుగు దినములకు నా నక్షత్రపుఁ గార్తె యని పేరు. ఇప్పుడు రోహిణి కార్తె మే 25 ప్రాంతమున, మృగశిర జూను 8 ప్రాంతమున, ఆర్ద్ర జూను 22 ప్రాంతమునఁ బ్రవేశించుచున్నవి. రోహిణి యెండకు రోళ్లు పగులునను సామెత యెల్లరు నెఱిఁగినదే. మృగశిరను తెలంగాణమున మిరుగ మందురు. మృగశబ్దమునకు వికృతిగ మన లాక్షణికులు మెకము అను రూపమును జెప్పుదురు; మిరుగము వాడుకలోఁ బుట్టిన వేఱురూపము. మరాఠీ కన్నడములందును దీనికిఁ జేరువ రూపములు గలవు. మిరుగమునాఁడు చేపల నారగించు నాచార మీ దేశమున గాఢముగ నున్నది. తొలివానలు కురిసినంతనే నేలపైఁ దిరుగు నెఱ్ఱని పట్టువంటి పురుగును ఆరుద్రపురుగు అందురు. సంస్కృతమున నిదియే ఇంద్రగోపము. పేరు నక్షత్రముది యైనను ఈ పురుగు నక్షత్రమును జూచి వెలికి రాదు, నేల తడిసినపుడు వచ్చును. ఈ భేదమును మనసున నుంచుకొనవలయును.

మృగశిరతో వాన యను మాట యెంత ప్రాచీనము? ఇక్కడనే చరిత్రకుఁ బని గలదు. ఋతువులు సూర్యుని యుత్తర దక్షిణ గమనములను బట్టి యేర్పడును. కార్తెలు స్థిరనక్షత్రములను బట్టి యేర్పడును. ఈ రెండు వత్సరములకును సుమారు 20 నిమిషముల భేద మున్నది. ఇది స్వల్పమే, కాని సుమారు 71 సంవత్సరములకు ఒక దినమగును. తత్ఫలముగఁ గార్తెలు ఋతువులను వీడి మెల్లమెల్లఁగ వెనుకకు జరుగుచున్నవి. నేఁడు జూను 8న వచ్చు మృగశిర, కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున, అనఁగా 1300 ప్రాంతమున, నేఁటి తేదీల లెక్కకు మే 29 ప్రాంతమున వచ్చియుండును. ఆఱవ శతాబ్దియందు వరాహమిహిరుని కాలమున మే 18 ప్రాంతముననే ప్రవేశించియుండును. ఆ దినములు మన సీమలో నిండువేసవి. వానకాల మిప్పటివలెనే వచ్చుచుండెననుకొన్నచో, నాఁడు తొలకరి యార్ద్రలోఁ బడియుండవలెను.

ఆర్ద్ర యనఁగాఁ దడిసినది గదా, ఆ పేరు వానను బట్టియే వచ్చినదని కొంద ఱూహింపవచ్చును. అది పొసఁగదు. ఆ నామము వరాహమిహిరునికంటెఁ జాల ప్రాచీనము. వేదాంగజ్యోతిషము చెప్పు దక్షిణాయనము ఆశ్లేషామధ్యమున జరుగునది. ఆ లెక్కను బట్టి మన జూను రెండవవారమున సూర్యుఁడు పుష్యమియం దుండవలెను, ఆర్ద్ర యప్పటికే గడచిపోయియుండును. కాఁబట్టి నామసామ్యము నేఁటి యాదృచ్ఛికమే కాని ప్రమాణము గాదు.

ఈ చలనమును మొదట మనకుఁ జెప్పినవాఁడు ఆంగ్లేయ విద్యావంతుఁడు గాఁడు, వరాహమిహిరుఁడే. బృహత్సంహితయందు ఆదిత్యచారాధ్యాయమున నతఁడు, పూర్వశాస్త్రములందు దక్షిణాయనము ఆశ్లేషార్ధమునుండి చెప్పఁబడినదనియు, తన కాలమునఁ గర్కటకాదినుండి జరుగుచున్నదనియు, మార్పును బ్రత్యక్షపరీక్షచేఁ దెలిసికొనవలెననియు నిర్దేశించెను. ఆశ్లేషార్ధమునుండి కర్కటకాది వఱకు ఏడు నక్షత్రపాదములు. నేఁడు దక్షిణాయనము మృగశిర ముగిసి యార్ద్ర మొదలగు తఱిని జరుగుచున్నది. కర్కటకాదినుండి యిదియు నించుమించుగ నేడు పాదములే. పూర్వులనుండి వరాహమిహిరుఁ డెంతదూరము వచ్చెనో, అతనినుండి మన మంతదూరము వచ్చితిమి. అతఁడు పూర్వశాస్త్రమును దూషింపలేదు. కాల మెఱింగి దిద్దెను. మనము మాత్ర మతని గ్రంథమును బఠించుచు నతని మార్గమును విడిచితిమి.

అట్లయినఁ గర్షకుల మాట యసత్యమా? కాదు. గడచిన కొన్ని శతాబ్దులలో మృగశిరయు వర్షాగమమును నొకచోటఁ గూడినవి. నైరృతివాయువులు సామాన్యముగ జూను 1వ తేదీ ప్రాంతమునఁ గేరళమును జేరి, కొన్నిదినములకుఁ దెలంగాణమునకు వచ్చును. వైశాఖ జ్యేష్ఠములలో భూమి కాఁగి గాలి తేలికపడఁగా, సముద్రమునుండి తేమగాలి లోపలికిఁ జొచ్చుకొనివచ్చుట దీనికి హేతువు. వేసవియగ్నియే వానను బిలుచుచున్నది. అంతకు మున్ను సాయంకాలములందు ఉఱుములు, మెఱుపులు, వడగండ్లతోఁ గురియు వేసవిజల్లులు వేఱు. అవి యొకయూర నుండి ప్రక్కయూర నుండవు. 40 భాగలు దాఁటిన మధ్యాహ్నపు టెండను తగ్గించి, అడవినేలను నిప్పంటుకొనని స్థితికిఁ దెచ్చునది తెఱపి లేక వచ్చు నైరృతివానయే.

కాని యా వాన దినము నిశ్చితము గాదు. భారత వాతావరణశాఖ ప్రకటించిన తేదీలలో నైరృతివర్షము కేరళమునకు 2023లో జూను 8న, 2024లో మే 30న, 2025లో మే 24న వచ్చెను. మూఁడేఁడులలోనే పదునైదు దినముల యంతరము! కార్తె యంతదూరము జరుగుటకు వేయియేండ్లకుఁ బైగాఁ బట్టును. కాఁబట్టి మృగశిర వర్షాగమమునకు సూచకము మాత్రమే, కారణము గాదు. ఆ సూచకమును సర్వకాలములకుఁ జెల్లదు.

ఈ విచారము కేవలము పండితవినోదము గాదు. తాండూరు ప్రాంతమునఁ గంది ముఖ్యమైన పంట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. మిరుగము వచ్చెనని తొలిజల్లునకే విత్తిన రైతు, పిదప రెండువారములు బెట్ట వచ్చెనేని, విత్తనమును గూలిని గోల్పోవును. అందుచేతనే నల్లరేగడులందు 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన గురిసి నేల లోఁతుగఁ దడిసిన తరువాత విత్తుమని వ్యవసాయాధికారులు చెప్పుచున్నారు. ఇది క్రొత్తమాట గాదు. కోష్ఠాగారమున అరత్నిప్రమాణము గల పాత్ర నుంచి వాన గొలువవలెనని కౌటిల్యుఁడు విధించెను. హస్తవిస్తారము గల కుండలోఁ బడిన నీటిని గొలుచు విధమును, పలాఢకముల లెక్కను వరాహమిహిరుఁడు చెప్పెను. మన ప్రాచీనులు నక్షత్రమును జూచిరి; పాత్రమునుగూడఁ జూచిరి.

కౌటిల్యుని వర్షప్రమాణములలో నొకటి మనకు మిక్కిలి దగ్గఱిది. అశ్మకదేశమునకు నతఁడు చెప్పిన ద్రోణసంఖ్య అర్ధత్రయోదశ. అశ్మకుల ముఖ్యపట్టణము నేఁటి బోధనని పెక్కురు చరిత్రకారుల మతము. ఆర్. శ్యామశాస్త్రిగారు తమ యాంగ్లానువాదమున దీనిని పదుమూఁడున్నరగ గ్రహించిరి. అర్ధశబ్దము పూర్వపదముగఁ గల పూరణప్రత్యయాంతమునకు సంఖ్యాసంజ్ఞ గలదని వార్తికమున నున్నది. అర్ధపంచమ మనఁగా నాలుగున్నర. ఆ న్యాయమున అర్ధత్రయోదశ పండ్రెండున్నర యగుట యుక్తమని నా తలంపు. ఒక్క ద్రోణము చిన్నదే కావచ్చును. కాని ఱెండు వేలయేండ్లకుఁ బైఁబడిన దక్షిణదేశపు వానలెక్క యది. వ్యాకరణ మెఱుఁగనిచోఁ జరిత్రయుఁ దప్పునని దానివలనఁ దేలుచున్నది.

ఉగాదినాఁడు పంచాంగశ్రవణము చేయు పండితులు, పాఠశాలలందు ఋతువులను జెప్పు నుపాధ్యాయులు ఈ విషయమును గమనింపవలయును. షడృతువులు చెప్పునపుడు మాసములపేళ్ల నర్థముతో బోధింతురుగాక. కార్తెలను జెప్పునపుడు వాని తేదీలు శతాబ్దులతో మాఱుచున్నవని చెప్పుదురుగాక. ప్రతి పాఠశాలలో నొక వర్షమాపకము నుంచి, తొలివాన దినమును, దాని కొలఁతను, ఆరుద్రపురుగు కనుపించిన దినమును విద్యార్థులచే వ్రాయించినచో, ఇరువదియేండ్లలో వికారాబాదు తాండూరు సీమలకుఁ దమదైన ఋతుచరిత్ర యేర్పడును. వరాహమిహిరుని ప్రత్యక్షపరీక్షా మార్గ మిదియే. విజ్ఞులు విచారింతురుగాక.