మడకశిర సీమలో గొఱ్ఱెల జాతిపోషణ

అమరకోశమున గొఱ్ఱెకు గల పర్యాయపదములలో ‘ఊర్ణాయువు’ ఒకటి. ఉన్ని గలది యని దాని భావము. దక్కను పీఠభూమియందలి నల్లని దక్కనీ గొఱ్ఱెకు ఈ పేరు చక్కగా నొప్పును. నెల్లూరు గొఱ్ఱెకు మాత్రము ఉన్నికి మారుగా పొట్టి వెండ్రుకలే కలవు. ఉన్నికొఱకు పెంచవలెనా, మాంసమునకు పెంచవలెనా యను ప్రశ్న మన సీమ గొఱ్ఱెల చరిత్రలో ముఖ్యమైనది.

మడకశిర 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలో నుండెను. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లాల పేరులు మాఱినను ఇచటి ఎండ మాఱలేదు, వానకొఱత తీఱలేదు. ఇట్టి నేలపై ప్రకృతియే మొదటి పరీక్షాధికారి. నడువలేనిదియు, కరవునకు తాళలేనిదియు సంతతి లేకయే పోయెను. మిగిలినవానిలో కురుబలు, గొల్లలు తమ వివేకముచే ఏరుకొనిరి. తల్లి పాలు, కాళ్ల పొడవు, నడక చూచి మంచి పిల్లను విత్తనపు పొట్టేలుగా నిలుపుట, తక్కినవానిని అమ్ముటయో, విత్తులు కొట్టించుటయో వారి పద్ధతి. ఆడుగొఱ్ఱె ఈతకు ఒకటి రెండు పిల్లలనే ఈనును. పొట్టేలు మందకంతకు తండ్రి. 18వ శతాబ్దమున ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ ప్రసిద్ధి గాంచినదియు ఈ సూత్రమును శ్రద్ధతో పాటించుటచేతనే.

పొరుగుననున్న మైసూరు రాజ్యమున 1834 నుండి 1861 వరకు కమిషనరుగా నుండిన మార్క్ కబ్బన్ మెరినో పొట్టేళ్లను తెప్పించి నాటు మందలను బాగుచేయ యత్నించెను. ఆ యత్నము నిలువలేదు. అధికోష్ణమున పొట్టేలు వీర్యబలము కొంతకాలము క్షీణించును. పరదేశపు రక్తమునకు మేపును, సంరక్షణయు అధికముగా కావలెను. సన్నని ఉన్ని గలిగినంతమాత్రమున కరవు గడువదు.

1962లో రాజస్థానములోని అవికానగరమున కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధనా సంస్థ వెలసెను. విదేశజాతులతో సంకరములు జరిగెను. దక్కనులోనో ముతక ఉన్నికి గిరాకి తగ్గి, మాంసమునకు ధర హెచ్చెను. పెక్కుచోట్ల కాపరులే దక్కనీ మందలలో నెల్లూరు పొట్టేళ్లను విడిచిరి. పిల్లల తూకము పెరిగెను. కంబళికి ఉన్ని కొఱవడెను. కలిసిన రక్తమును మరల విడదీయుట దుర్లభము. లాభము నేటిది, నష్టము తరములది.

ఇటీవలి కృషి స్వజాతిలోనే ఏరుటకు ప్రాధాన్యమిచ్చినది. 1990లో ఆరంభమైన భారత వ్యవసాయ పరిశోధనా మండలి పథకమున నెల్లూరు జాతికి పలమనేరు కేంద్రమైనది. మహారాష్ట్రములోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ సంస్థ, బెంగాలు గారోల్ గొఱ్ఱెలలోని కవలపిల్లల లక్షణమును దక్కనీలోనికి తెచ్చినది. అయినను రెండు పిల్లలకు చాలు పాలు తల్లికి లేనిచో ఆ వరము శాపమగును.

2019 పశుగణనమున ఆంధ్రప్రదేశములో 1.76 కోట్ల గొఱ్ఱెలు లెక్కకు వచ్చెను. సంఖ్య చాలును, కావలసినది వంశము తెలిసిన పొట్టేలు. పుట్టిన తేది, తల్లిదండ్రులు, మూడు నెలలనాటి తూకము వ్రాసియుంచవలెను. తన కూతుళ్లతో కలియకముందే పొట్టేలును మార్చవలెను. కాపరి జ్ఞాపకము కాపరితోనే పోవును. పుస్తకమునకెక్కినది మనుమనికి దక్కును. పల్లె గ్రంథాలయమున పురాణముల సరసన అట్టి మందలెక్కల పుస్తకమొకటి చేరుట ఎంతయు సముచితము.